వ్యూఫైండర్‌లో నలుసు: తుడిచే ముందు అది ఎక్కడుందో కనిపెట్టాలి

కెమెరాలో కన్ను పెట్టి చూసే చోట, అంటే వ్యూఫైండర్‌లో, కనిపించే నలుసు ఫొటోలో పడదు. ఈ ఒక్క సంగతి తెలియక పాడైన కెమెరాలు చాలా ఉన్నాయి.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరాలో, వెలుతురు లెన్స్ గుండా వచ్చి, 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దం మీద పడి, పైకి మళ్లి మన కంటికి చేరుతుంది. షట్టర్ బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది, వెలుతురు నేరుగా వెనకున్న సెన్సర్ మీద, అంటే ఫొటోను పట్టే పలక మీద, పడుతుంది. కంటికి వెళ్లే దారి వేరు, ఫొటోకి వెళ్లే దారి వేరు. కంటి దారిలో కూర్చున్న దుమ్ము ఫొటోను తాకదు. సెన్సర్ మీద కూర్చున్న దుమ్ము కంటికి కనబడదు. ఇది నమ్మలేకపోతే లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/16 దగ్గర పెట్టి, ఫోకస్ కావాలనే చెడగొట్టి, తెల్ల గోడనో మబ్బులేని ఆకాశాన్నో ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మసక చుక్కలు ఉంటే అది సెన్సర్ దుమ్ము, దాని వైద్యం వేరే. ఫొటో శుభ్రంగా ఉండి వ్యూఫైండర్‌లో మాత్రమే చుక్క ఉంటే తొందరేమీ లేదు.

తొందరే కొంప ముంచుతుంది. తిరుచానూరు కల్యాణ మండపంలో ముహూర్తానికి పది నిమిషాలుందనగా పెళ్లికూతురు ముఖం మీద నల్లచుక్క కనబడితే ఎవరికైనా చిరాకే. చొక్కా అంచుతో ఒకసారి రుద్ది, పోకపోతే లెన్స్ ఊడదీసి ఇయర్ బడ్ లోపలికి పెడతారు. దుమ్ము వల్ల కెమెరాకు ఏ నష్టమూ లేదు, ఆ ఇయర్ బడ్ వల్ల మాత్రం ఉంది.

ముందు ఇవి కాదని తేల్చుకోండి

మరక అనుకున్నది చాలాసార్లు మరకే కాదు. మనం కన్ను పెట్టే గాజు, అంటే ఐపీస్, పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. చూపుకు తగ్గట్టు వ్యూఫైండర్‌ను సర్దుకోవడానికి పెట్టింది. సంచిలో రాసుకుని అది తిరిగిపోతే అంతా మసకబారి, గాజు మీద జిడ్డు పేరుకున్నట్టే కనిపిస్తుంది. వ్యూఫైండర్ అడుగున కనిపించే అంకెలు స్పష్టంగా వచ్చేదాకా ఆ చక్రం తిప్పండి. పని అక్కడితో అయిపోవచ్చు.

రెండోది నికాన్ డీ300, డీ7000 లాంటి వాటిలోనూ కెనాన్ 7డీలోనూ ఎదురయ్యేది. వీటిలో ఫోకస్ చుక్కలు, గీతలు చూపించడానికి వ్యూఫైండర్ లోపల పలచని పారదర్శక ఎల్‌సీడీ పొర ఉంటుంది. దానికి కొద్దిగా కరెంటు కావాలి. బ్యాటరీ తీసేస్తే వ్యూఫైండర్ అంతా మసకగా, చీకటిగా మారుతుంది. సెకండ్ హ్యాండ్ కెమెరా బ్యాటరీ లేకుండా చూసి ‘లోపల బూజు పట్టింది’ అనుకోవడం ఇందువల్లే. బ్యాటరీ పెట్టి చూడండి.

మూడోది మన కన్నే. చుక్క కంటి కదలికతో పాటు తేలుతూ పోతుంటే కెమెరాను అడ్డం నుంచి నిలువుకు తిప్పండి. చుక్క కెమెరాతో పాటు తిరిగితే కెమెరాది, తిరగకపోతే కంటిది. కంట్లో ఉన్నట్టుండి అలాంటి చుక్కలు ఎక్కువైతే కంటి డాక్టరుకు చూపించాల్సిందే.

నాలుగు అంతస్తులు

డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌ను చిన్న ఇల్లు అనుకుందాం. కింది అంతస్తులో అద్దం. దాని పైకప్పులా అడ్డంగా పరిచిన పలచని ప్లాస్టిక్ తెర, ఫోకసింగ్ స్క్రీన్. లెన్స్ తెచ్చిన దృశ్యం ఈ తెర మీదే వాలుతుంది. దాని పైన అటకలాగా పెంటాప్రిజమ్. కెనాన్ 90డీ, నికాన్ డీ7500 లాంటి వాటిలో ఇది ఒకే గాజు దిమ్మ. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500, డీ5600 లాంటి వాటిలో దిమ్మకు బదులు అద్దాలు అతికించిన బోలు గూడు ఉంటుంది, దాన్ని పెంటామిర్రర్ అంటారు. చివరగా వెనక కిటికీ, అంటే మనం కన్ను పెట్టే ఐపీస్ గాజు.

నలుసు ఏ అంతస్తులో ఉందో విప్పకుండానే చెప్పవచ్చు. మన కన్ను ఐపీస్ గుండా చూసేది ఫోకసింగ్ స్క్రీన్‌నే. కాబట్టి అంచు తీరిన నల్లచుక్కలా, వెంట్రుక ముక్కలా స్పష్టంగా కనిపిస్తే అది స్క్రీన్‌కు అంటుకుని ఉంది. డయాప్టర్ తిప్పి చూస్తే ఇంకా రూఢి అవుతుంది. ఫోకస్ గీతలతో పాటే నలుసు కూడా మసకబారి, వాటితో పాటే స్పష్టమైతే స్క్రీన్‌దే. గీతలు మసకైనప్పుడు నలుసు తేటపడితే అది వేరే గాజు మీద ఉన్నట్టు. చుక్క కాకుండా అంతటా తెల్లటి పొర, దీపాల చుట్టూ మబ్బు కనిపిస్తే బయటి ఐపీస్ జిడ్డు. అద్దం మీది దుమ్ము కంటికి కనబడనే కనబడదు, అది ఫోకస్ పొలిమేరలో లేదు. లెన్స్ తీసి, వెలుతురు వైపు పెట్టి మళ్లీ ఐపీస్‌లో చూస్తే, నలుసు అలాగే ఉంటే లెన్స్‌కు సంబంధం లేదని తేలిపోతుంది.

వెనక కిటికీ: ఇక్కడ మాత్రం ధైర్యంగా శుభ్రం చేయవచ్చు

ఎక్కువ మురికి పట్టేది ఐపీస్‌కే. నుదురు, కనురెప్ప, చెంప ఆనేది అక్కడే కదా. అన్ని మరకలూ ఒకే జాతివి కావు. ఏ మరక దేనికి కరుగుతుందో తెలియకపోతే రుద్దడమే మిగులుతుంది.

తలనూనె, చెమట జిడ్డు, హోమంలో నెయ్యి పొగ అన్నీ కొవ్వులే. ఇవి నీటికి లొంగవు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు లొంగుతాయి. మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు తుడవడానికి వాడే ఐపీఏ ఇదే. 99 శాతం అని రాసున్నది తీసుకోండి. ఎండిన చెమటలోని ఉప్పు, నేలపట్టు పక్షుల దగ్గరికో పులికాట్ సరస్సు గట్టుకో వెళ్లినప్పుడు పట్టే ఉప్పుగాలి పొర దీనికి పూర్తి ఎదురు. ఉప్పు ఆల్కహాల్‌లో కరగదు. ఎంత తుడిచినా తెల్లచారలు జరుగుతాయే తప్ప పోవు. దానికి డిస్టిల్డ్ వాటర్ కావాలి, ఒక్క చుక్క చాలు. కొళాయి నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు మరక మిగిలేది అందులోనే. ముందు డిస్టిల్డ్ వాటర్, ఆరాక ఐపీఏ. ఈ వరస పాటిస్తే రెండు రకాలూ వదులుతాయి.

పొడుల సంగతి మరీ జాగ్రత్త. తలంబ్రాల పసుపు, కుంకుమ, విభూతి, గంధం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో అయితే ఒక్కో రోజు ఒక్కో పొడి. బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గుపొడి, దొర వేషం నాడు గంధం. గుంపులో తిరిగిన కెమెరా ఐకప్ మడతల్లో, అంటే ఐపీస్ చుట్టూ ఉండే రబ్బరు అంచు మడతల్లో, ఇవన్నీ కూరుకుపోతాయి. పొడి మీద తడి వేశారంటే అది ముద్దవుతుంది. ఐపీస్ గాజుకూ దాని ప్లాస్టిక్ చట్రానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. ముద్ద ఆ సందులోకి దిగి ఎండిపోతే ఇక తీయడం కష్టం. పసుపు రంగు నీటిలో కరగకపోయినా ఆల్కహాల్‌లో కరుగుతుంది, అంటే ఐపీఏ తగలగానే పసుపు పొడి కాస్తా పసుపు ద్రవమై సందులోకి పాకుతుంది. అందుకని పొడి ఎప్పుడూ పొడిగానే పోవాలి: మొదట బ్లోయర్ (చేత్తో నొక్కి గాలి ఊదే రబ్బరు బుడ్డి), తర్వాత మెత్తని కుంచె, ఆ తర్వాతే తడి.

ఇక రోడ్డు దుమ్ము. దానిలోని ఇసుక రేణువుల్లో ఉండేది క్వార్ట్జ్. మోస్ కొలతలో దాని గట్టిదనం 7, గాజుది సుమారు 5.5. గాజు మీద పూసిన కోటింగ్ ఒక మైక్రాన్ కన్నా పలచన. ఒక్క ఇసుక రేణువు గుడ్డకింద పడి నాలుగు చుట్లు తిరిగితే పడే గీతలను ఏ ద్రవమూ చెరపలేదు. చొక్కా, కండువా, చేతిరుమాలు వద్దనేది గుడ్డ గరుకని మాత్రమే కాదు, ఆ గుడ్డలో అప్పటికే రోడ్డు దుమ్ము ఉంటుందని.

పని ఇలా చేయండి. గదిలో ఫ్యాన్ ఆపండి, నేల తడిగుడ్డతో తుడిచి పావుగంట ఆగండి, గాల్లో లేచిన దుమ్ము కిందికి దిగుతుంది. కెమెరా ఆపి, మెడతాడు తీసేయండి. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోండి. తర్వాత రబ్బరు ఐకప్ ఊడదీయండి. ఎక్కువ కెనాన్లలో రెండు పక్కలా నొక్కి పైకి జారిస్తే వస్తుంది, నికాన్ చిన్న మోడళ్లలో నేరుగా పైకి జారుతుంది. డీ850 లాంటి గుండ్రటి ఐపీస్‌కు ముందు ఐపీస్ షట్టర్ మూయాలి, అప్పుడే తాళం వదిలి మర తిరుగుతుంది. రాకపోతే బలవంతం చేయకండి. ఊడిన ఐకప్‌ను ఒక చుక్క సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేలితో రుద్ది కడిగి నీడన ఆరబెట్టండి. ఐపీఏ వద్దు, రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది.

బ్లోయర్‌ను ముందు పక్కకు తిప్పి ఐదారుసార్లు నొక్కండి. కొత్త రబ్బరు బ్లోయర్లలో ఒక్కోసారి లోపల తెల్లటి పొడి ఉంటుంది, నల్లగుడ్డ మీద ఊది చూస్తే తెలిసిపోతుంది. సంచిలో పడేసిన పాత బ్లోయర్ లోపలా దుమ్మే. ఇప్పుడు ఐపీస్ నేలవైపు ఉండేలా కెమెరా పట్టుకుని, బ్లోయర్ ముక్కు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఏటవాలుగా ఏడెనిమిదిసార్లు ఊదండి. దుమ్ము కిందికి రాలాలి. మూలల్లో మిగిలినదాన్ని మెత్తని లెన్స్ కుంచెతో బయటికి లాగండి. కుంచె వెంట్రుకలను వేలితో తాకకూడదు, వేలి జిడ్డు గాజుకెక్కుతుంది.

తడి పని ఆఖరున. ద్రవాన్ని గాజు మీద ఎప్పుడూ పోయకూడదు, అంచు సందు దాన్ని లాగేసుకుంటుంది. లెన్స్ టిష్యూను సన్నగా చుట్టి, కొసకు ఒకటి రెండు చుక్కలు అంటించి, వేరే టిష్యూకు ఒకసారి అద్ది అదనపు తడి తీసేయండి. కొస చల్లగా అనిపించాలి, కారకూడదు. గాజు మధ్యలో ఆనించి, బరువు వేయకుండా, బయటికి చుట్లు తిప్పుతూ అంచు దాకా రండి. ఒక కొస ఒక్కసారికే. రెండోసారి తిప్పితే తీసిన జిడ్డునే మళ్లీ పూసినట్టు. వెంటనే ఎండు మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా ఆరబెట్టండి. ఆ గుడ్డను ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి, వాసనకు కలిపే ద్రావణం వేయొద్దు, ఆ పొర గాజు మీదికి దిగుతుంది. పని అయ్యాక మొబైల్ టార్చ్‌ను పక్కనుంచి వేసి చూడండి. నేరుగా చూస్తే కనబడని చారలు వాలు వెలుతురులో బయటపడతాయి.

వాడకూడనివి కొన్ని. చాలా నెయిల్ పాలిష్ రిమూవర్లలో అసిటోన్ ఉంటుంది, కొన్ని కెమెరాల ఐపీస్ ప్లాస్టిక్‌దే, అది తగిలితే కరిగి మసకబారుతుంది. కిటికీ అద్దాలు తుడిచే నీలం ద్రవాల్లో అమ్మోనియా ఉండొచ్చు, కోటింగ్‌కు చేటు. శానిటైజర్‌లో గ్లిజరిన్ కలుపుతారు, ఆరాక జిగురు పొర మిగులుతుంది. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. బయటి గాజు మీద హా అని ఆవిరి పట్టించి తుడవడం దారిలో అవసరమైతే పర్వాలేదు, ఇసుక ఊదేశాక మాత్రమే.

తెర మీద నలుసు: ఊదండి, తాకకండి

ఫోకసింగ్ స్క్రీన్ అసలు పేచీ. దీన్ని గాజు అనుకోవడం వల్లే నష్టం జరుగుతుంది. ఇది అక్రిలిక్ ప్లాస్టిక్. దాని మీద కంటికి ఆనని సన్నని గరుకు, వలయాల గాట్లు ఉంటాయి. ఆ గరుకే దృశ్యాన్ని పట్టి నిలుపుతుంది. వేలు తగిలితే జిడ్డు ఆ గరుకు గుంతలను నింపి, అక్కడ ఒక మెరిసే మచ్చ శాశ్వతంగా నిలుస్తుంది. గుడ్డతో రుద్దితే గరుకే చెరిగిపోతుంది. ఐపీఏ పడితే అక్రిలిక్‌లో సన్నని పగుళ్లు రావచ్చు. దీనికి గాలి తప్ప వేరే మందు లేదు.

ఆ గాలి ఎటు కొట్టాలో తెలియడానికి ఒక లెక్క ఉంది. లెన్స్ తీసి కెమెరా ముందు భాగాన్ని మీ వైపు తిప్పుకోండి. వ్యూఫైండర్‌లో పైభాగాన కనిపించిన నలుసు, తెర మీద లెన్స్ బిగించే వలయానికి (మౌంటు) దగ్గరి అంచున, అంటే మీకు దగ్గరగా ఉంటుంది. అడుగున కనిపించింది లోపలి అంచున, అద్దం కీలు దగ్గర ఉంటుంది. కుడి ఎడమలు మారవు: కుడివైపు కనిపించింది ఇప్పుడు కూడా మీ కుడిచేతి వైపే. ప్రిజమ్ దృశ్యాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి చూపిస్తుంది, మీరు కెమెరాకు ఎదురుగా తిరగడంతో అది మళ్లీ సరిపోతుంది. ఈ లెక్క తెలిస్తే తెరంతా ఊదక్కర్లేదు, ఆ ఒక్క మూలకే గాలి సరిపోతుంది.

మౌంటు నేలవైపు ఉండేలా కెమెరాను తలకన్నా ఎత్తుగా పట్టుకుని, కింది నుంచి ఊదండి. మౌంటు నేలవైపు అనేది ఊరికే చెప్పడం లేదు. మౌంటు పైకి ఉంటే రాలిన దుమ్ము అద్దం కింద నేలలో ఉన్న ఆటోఫోకస్ సెన్సర్ల గుంటలో పడుతుంది. బ్లోయర్ ముక్కు మౌంటు వలయం దాటి లోపలికి వెళ్లకూడదు. చేయి జారి అద్దానికి తగిలితే గీత ఖాయం, ఎందుకంటే ఇంట్లో అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది, కెమెరా అద్దానికి గాజు ముందు ఉంటుంది. పూత మీద రక్షణగా గాజు లేదు.

మూడు నాలుగు మెల్లని ఊదులు, అంతే. మళ్లీ లెన్స్ పెట్టి చూడండి. గట్టిగా ఊదితే బాగా పోతుందనిపిస్తుంది, నిజానికి అక్కడే చేజారుతుంది. తెరకూ దాని చట్రానికీ మధ్య సందు ఉంది. గట్టి గాలి నలుసును ఆ సందు గుండా తెర పైకి, ప్రిజమ్ వైపు నెడుతుంది. కింది నుంచి ఊది తీయగలిగే నలుసు ఇప్పుడు సర్వీస్ సెంటర్ తప్ప ఎవరూ తీయలేని చోటికి చేరింది. ‘ఊదాక చుక్కలు ఎక్కువయ్యాయి’ అనేవాళ్లకు జరిగేది ఇదే. డబ్బాల్లో నింపి అమ్మే గాలి, టైర్లకు పట్టే కంప్రెసర్ గాలి ఈ కారణానికే పనికిరావు. పైగా డబ్బాను వంచితే లోపలి ద్రవం చల్లగా చిమ్మి తెరను మంచులా కప్పేస్తుంది, కంప్రెసర్ గాలిలో నూనె తుంపర, నీటి తుంపర ఉంటాయి.

నాలుగు ఊదులకు పోకపోతే వదిలేయండి. చుక్క ఉన్నా ఫొటో చెడదు, ఆటోఫోకస్‌కూ ఈ తెరకూ సంబంధం లేదు, దాని వెలుతురు అద్దం మధ్యభాగం గుండా కిందికి దిగుతుంది.

కెనాన్ 5డీ మార్క్ 2, 6డీ లాంటి కొన్నింటిలో తెరను సొంతదారే మార్చుకోవచ్చు. చిన్న కొక్కెం లాగితే చట్రం కిందికి వాలుతుంది, తెరను దాని అంచు చెవి దగ్గర పట్టుకారుతో తీయాలి. పాత తెరను తుడవడం కన్నా కొత్తది వేయడం మేలు. మిగతా మోడళ్లలో తెర వెనక పలచని షిమ్‌లు ఉంటాయి. తెర ఎత్తును మిల్లీమీటరులో అతి చిన్న భాగం దాకా సర్దేవి అవే. అవి జారితే కంటికి ఫోకస్ కుదిరినట్టు కనిపిస్తుంది, ఫొటోలో కుదరదు.

మిర్రర్‌లెస్‌లో కథ వేరు

ఇక్కడ అద్దం లేదు, తెర లేదు. లోపల దృశ్యాన్ని వెలిగించి చూపే చిన్న డిస్‌ప్లే పలక, ఎక్కువగా ఓఎల్‌ఈడీ, దాని ముందు పెద్దది చేసి చూపే కటకాలు. బయటి గాజుకు పైన చెప్పిన పద్ధతే. పక్కనో పైనో చిన్న నల్ల కిటికీ ఉంటుంది, కన్ను దగ్గరికొస్తే కనిపెట్టే సెన్సర్ అదే. దాని మీద జిడ్డో గంధమో అంటితే వెనక స్క్రీన్ వెలగదు, లేదా వ్యూఫైండర్ ఆన్ కాదు. కెమెరా చెడిందని కంగారు పడేముందు దాన్ని ఎండు మైక్రోఫైబర్‌తో తుడవండి.

లోపలి చుక్క దుమ్మా, పలకలో చచ్చిన పిక్సెలా అని తెలుసుకోవాలంటే కన్నును కొద్దిగా పక్కకు జరపండి. గాజు మీది దుమ్ము దృశ్యంతో పోలిస్తే జరుగుతుంది, పిక్సెల్ జరగదు. పలకకూ కటకానికీ మధ్య చిక్కిన దుమ్ము ఊదితే పోదు, సర్వీస్‌కు ఇవ్వాలి.

ఏ తుడుపుకూ లొంగని మరక ఒకటి ఉంది. ఐపీస్ కటకం భూతద్దమే. మే నెల ఎండలో కెమెరాను ఐపీస్ ఆకాశం వైపు పెట్టి పక్కకు వెళితే సూర్యుడు కుదించుకుని ఆ పలక మీద పడతాడు. పచ్చటి లేదా నల్లటి మచ్చ కాలిపోయి మిగులుతుంది. అలిపిరి మెట్ల మీద సేద తీరేటప్పుడు కెమెరాను ఒడిలో వెల్లకిలా పెట్టకండి, ఐపీస్ మీద గుడ్డ కప్పండి.

అటక, తేమ, సర్వీస్ సెంటర్

ప్రిజమ్ వైపు నలుసు కోసం పైమూత విప్పే వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ పట్టకండి. పాప్‌అప్ ఫ్లాష్ ఉన్న కెమెరాల్లో ఫ్లాష్ కెపాసిటర్ సుమారు 300 వోల్టుల దాకా చార్జ్ పట్టి ఉంటుంది. బ్యాటరీ తీసినా అది వెంటనే దిగదు. గట్టి షాక్ కొడుతుంది.

సాలెగూడులా కొమ్మలు వేసిన మరక కనిపిస్తే అది దుమ్ము కాదు, ఫంగస్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో సంచిలో మూసిపెట్టిన కెమెరాకు పడుతుంది. బయటి గాజు మీదైతే ఐపీఏతో తుడవవచ్చు, లోపలైతే సర్వీసే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడాలి. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు ఆ డబ్బాలో వేయొద్దు, వాటి ఆవిరి గాజు మీద పొరగా దిగుతుంది.

సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు ‘వ్యూఫైండర్ శుభ్రం చేయండి’ అని ఊరుకోకుండా, చుక్క ఏ మూల కనిపిస్తోందో చిన్న బొమ్మ గీసి ఇవ్వండి. చెన్నైకో హైదరాబాదుకో పార్సిల్ వెళ్తే అక్కడివాళ్లకు మీరు చూపించలేరు కదా. తిరిగొచ్చాక షిమ్‌లు సరిగా కూర్చున్నాయో లేదో పరీక్షించుకోండి. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెట్టి, పూర్తిగా తెరిచి, బల్ల మీద స్కేలును 45 డిగ్రీల వాలులో నిలిపి, ఆటోఫోకస్ ఆపి, ఐపీస్‌లో చూస్తూ 15 సెంటీమీటర్ల గీతకు చేత్తో ఫోకస్ చేసి ఫొటో తీయండి. మూడుసార్లు తీసి మూడింటిలోనూ స్పష్టమైన గీత 15కు ముందో వెనకో ఒకే పక్కకు జరిగి ఉంటే, ఆ ఫొటోలతో కెమెరాను వెంటనే వెనక్కి పంపండి.